తేట నీటిలో దాగిన దోషం

నీటిని చూచి నీటి గుణం చెప్పగలమనే నమ్మకం మనలో చాలామందికి ఉంది. రంగు లేకపోతే, వాసన లేకపోతే, నాలుకకు కమ్మగా తగిలితే అది మంచినీరేనని నిశ్చయిస్తాం. పెద్దలు ఆ విధంగానే నేర్పారు, మనమూ మన పిల్లలకు ఆ విధంగానే నేర్పుతున్నాం. మూడు తరాలుగా వైద్యవృత్తిలో ఉన్న కుటుంబంలో పుట్టిన నేను కూడా చాలాకాలం ఇదే నమ్మాను. ఆ నమ్మకం వల్ల నా తోబుట్టువు ఇంట్లో జరిగిన నష్టాన్ని ఈ వ్యాసంలో దాచకుండా చెప్పదలచాను. నా పొరపాటు మరొక ఇంట్లో జరగకుండా ఉంటే ఈ శ్రమ సార్థకమైనట్లే.

నా చెల్లెలిని నల్లగొండ జిల్లాలో మర్రిగూడ ప్రాంతపు పల్లెలో ఇచ్చాం. 1993 వేసవిలో ఊరి దిగుడుబావి అడుగంటింది. బావగారు అప్పు చేసి పెరట్లో బోరుబావి వేయించారు. లోతున నీరు పడింది. ఆ నీరు స్ఫటికంలా తేటగా ఉండేది. సబ్బు చక్కగా నురుగు వచ్చేది, కందిపప్పు తొందరగా ఉడికేది. "అన్నా, ఇసొంటి నీళ్ళు మన ఊర్ల ఎన్నడన్న సూసినమా?" అని మా చెల్లెలు మురిసిపోయింది. చుట్టుపక్కల ఇళ్ళవారు కూడా బిందెలతో వచ్చి పట్టుకుపోయేవారు.

ఆ మరుసటి వర్షకాలంలో మా మేనకోడలికి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటికి దానికి మూడేళ్ళు. పిల్ల వాడిపోయింది. నేను వెళ్ళి చికిత్స చేసి, తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలికి గట్టిగా ఒక మాట చెప్పాను: "నీటిని బాగా మరిగించు. సగం ఇగిరేదాకా కాచు. వడగట్టి రాగి బిందెలో పోసి, తెల్లవారి తాగండి." శాస్త్రంలో అర్ధావశేషం, పాదావశేషం అని చెప్పిన ఉష్ణోదక విధానాన్నే నేను చెప్పాను. చెల్లెలు నా మాటను వేదవాక్కుగా తీసుకున్నది. కట్టెల పొయ్యి మీద ప్రతిదినం పెద్ద గుండిగతో నీరు కాచేది. విరేచనాలు మళ్ళీ రాలేదు. నా సలహా ఫలించిందని నేనెంతో గర్వపడ్డాను.

పలువరుస మీద గోధుమ చారలు

పిల్లకు ఏడెనిమిదేళ్ళు వచ్చి పాలపళ్ళు ఊడి కొత్తవి మొలిచాయి. ముందు పళ్ళ మీద సుద్ద రాసినట్లు తెల్లని మచ్చలు, వాటి నడుమ అడ్డంగా గోధుమరంగు చారలు కనిపించాయి. సరిగా తోముకోవడం లేదని మందలించాను. వేపపుల్ల ఇచ్చాను, త్రిఫల కషాయంతో పుక్కిలించమన్నాను. ఆ పిల్ల పాపం చిగుళ్ళు నెత్తురు కారేటట్లు తోముకునేది. చారలు చెదరలేదు. పదేళ్ళు వచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వడం అలవాటు చేసుకుంది.

అదే సమయంలో బావగారికి నడుము పట్టేయసాగింది, తరువాత మెడ. కొంతకాలానికి తల ఎత్తి ఆకాశం వైపు చూడడం ఆయనకు కష్టమైంది. వాతదోషమని నిర్ణయించి మహానారాయణ తైలంతో మర్దనా చేయించాను, యోగరాజ గుగ్గులు వాడించాను. తాత్కాలికంగా ఉపశమనం కలిగేది, నెల తిరగకముందే మొదటికి వచ్చేది.

2003లో ఆ ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న సామాన్యశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు నా వద్దకు మోకాళ్ళ నొప్పులకు మందు కోసం వచ్చారు. మాటల సందర్భంలో మా మేనకోడలి పళ్ళ ప్రస్తావన వచ్చింది. ఆయన ఒక క్షణం నా ముఖం చూచి, "వైద్యులు గారూ, నీళ్ళు పరీక్ష చేయించారా?" అని అడిగారు. చేయించలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

మరునాడే రెండు ప్లాస్టిక్ డబ్బాలలో నీరు పట్టించాను. ఒకదానిలో బోరునీరు, రెండవదానిలో నా సలహా ప్రకారం కాచి రాగి బిందెలో నిలువ ఉంచిన నీరు. పరీక్ష ఫలితం చేతికి వచ్చినప్పుడు చాలాసేపు దానినే చూస్తూ కూర్చున్నాను. బోరునీటిలో లీటరుకు 3.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంది. కాచిన నీటిలో 6.9 ఉంది.

విషయం చెప్పినప్పుడు చెల్లెలు కోపగించుకోలేదు. "అన్నా, నువ్వు చెప్పినట్టే కాచి తాగినం గద. ఇంకేం తప్పు చేసినం?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ సమాధానమే అనుకోండి.

సుశ్రుతుడు చెప్పిన ఆరు దోషాలు

ఆ తరువాత నేను గ్రంథాలను మళ్ళీ తెరిచాను. సుశ్రుత సంహితలో సూత్రస్థానం 45వ అధ్యాయం ద్రవద్రవ్యాలను గురించినది. అందులో జలానికి ఆరు విధాలైన దోషాలు చెప్పబడ్డాయి: స్పర్శదోషం, రూపదోషం, రసదోషం, గంధదోషం, వీర్యదోషం, విపాకదోషం. విద్యార్థిదశలో ఈ ఆరింటినీ కంఠస్థం చేశాను. కాని వాటిలో మొదటి నాలుగింటికీ చివరి రెండింటికీ ఉన్న భేదాన్ని నేను ఏనాడూ మనసుకు పట్టించుకోలేదు.

మొదటి నాలుగు దోషాలూ ఇంద్రియగోచరాలు. నీరు జిగటగా ఉంటే చేతికి తెలుస్తుంది, బురదగా ఉంటే కంటికి తెలుస్తుంది, ఉప్పగా ఉంటే నాలుకకు, కుళ్ళితే ముక్కుకు తెలుస్తుంది. వీర్యదోషం, విపాకదోషం అటువంటివి కావు. వాటిని నీటిలో చూడలేం. ఆ నీరు తాగిన శరీరంలో కనిపించే లక్షణాలను బట్టే వాటిని గుర్తించాలి. సుశ్రుతుడికి ఫ్లోరైడు సంగతి తెలుసునని నేను అనడం లేదు, అలా అనడం శాస్త్రానికి గౌరవమూ కాదు. అయితే ఇంద్రియాలకు అందని దోషం నీటిలో ఉండవచ్చుననే హెచ్చరిక మాత్రం ఆ వర్గీకరణలోనే ఉంది. దానిని పెడచెవిన పెట్టింది నేను.

అదే అధ్యాయంలో శుద్ధి విధానాలు కూడా ఉన్నాయి. చెడిన నీటిని అగ్నితో మరిగించడం, ఎండలో కాగనివ్వడం, బాగా కాల్చిన ఇనుపగుండును గాని ఇసుకను గాని మట్టిబెడ్డలను గాని అందులో వేసి చల్లార్చడం చెప్పారు. కలకబారిన నీటిని తేర్చడానికి ఏడు ద్రవ్యాలు చెప్పారు. వాటిలో మొదటిది కతకం, అంటే మన చిల్లగింజ. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీరు పోస్తే మట్టి అడుగుకు దిగిపోవడం మన అమ్మమ్మలందరూ చూచినదే. వస్త్రంతో వడగట్టడం కూడా ఆ ఏడింటిలో ఒకటి.

ఇవన్నీ నేటికీ పనికివచ్చే పద్ధతులే. అయితే ఇవి ఏ దోషానికి చెప్పిన మందులో ఆ దోషానికే వాడాలి. మరిగించడం వల్ల నీటిలోని సూక్ష్మజీవులు చస్తాయి. చిల్లగింజ, పటిక నీటిలోని మట్టిని కిందకు దించుతాయి. రాగిపాత్ర విషయంలో 2012లో మన దేశ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులను కలిపిన నీటిని 16 గంటలు రాగికుండలో ఉంచితే, ఆ తరువాత పరీక్షలో అవి బతికి కనిపించలేదు. ఆ వార్త చదివినప్పుడు మన పెద్దల రాగిచెంబు గౌరవం నిలిచిందని సంతోషించాను. కాని ఫ్లోరైడు సూక్ష్మజీవి కాదు, మట్టిరేణువు కాదు. ఉప్పు నీటిలో కరిగినట్లు కరిగి ఉండే ఖనిజం. అగ్నికి అది చావదు, గుడ్డకు చిక్కదు, రాగికి లొంగదు.

పైగా నీరు ఆవిరైపోతే కరిగినది గుండిగలోనే మిగులుతుంది. నాలుగు లీటర్ల చారును రెండు లీటర్లయ్యేదాకా మరిగిస్తే ఉప్పు రెట్టింపు తగులుతుంది కదా! సగం ఇగిరిన నీటిలో ఫ్లోరైడు కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఒక పసిదానిని విరేచనాల నుండి కాపాడిన నా సలహాయే, దాని పలువరుసకు అందే ఫ్లోరైడును రెట్టింపు చేసింది.

భూమిలో నుండి ఎలా వస్తుంది?

ఫ్లోరైడు ఎవరో తెచ్చి కలిపిన విషం కాదు. నల్లగొండ ప్రాంతపు నేల కింద ఉన్న నల్లరాతిలో, గ్రానైటులో, ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు వంటి ఖనిజాలు ఉన్నాయి. రాతిపగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు వాటిలోని ఫ్లోరైడును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి గట్టిపడి విడిపోతుంది. కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉండే నీటిలోనైతే ఫ్లోరైడు కరిగే ఉంటుంది. మా చెల్లెలు మురిసిపోయిన లక్షణాలను గుర్తుచేసుకోండి. సబ్బు బాగా నురుగు రావడం, పప్పు తొందరగా ఉడకడం అటువంటి మెత్తని నీటి లక్షణాలే. మేము మంచికి గుర్తులనుకున్నవి ఫ్లోరైడుకు అనువైన నీటి గుర్తులు కూడా.

ఈ వ్యాధి మనకు కొత్తది కాదు. మనుషులలో ఈ వ్యాధి ఉన్నదని మన దేశంలో మొదటిసారి 1937లో వైద్యపత్రికలో ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లా గ్రామాలను పరిశీలించిన వైద్యులే. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని గురించి రాశారు. నీటి నుండి ఫ్లోరైడును తొలగించడానికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరులతో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. ఒక జిల్లా పేరు ఈ విధంగా శాస్త్రగ్రంథాలకు ఎక్కడం గర్వకారణమో దుఃఖకారణమో చెప్పలేను.

శరీరంలో ఏమి జరుగుతుంది?

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండడం మంచిది. వేరే నీటివసతి లేనిచోట 1.5 వరకు అనుమతి ఉంది. కొద్దిమాత్రంగా ఉన్న ఫ్లోరైడు పళ్ళు పుచ్చకుండా కాపాడుతుందనేది నిజమే. ఔషధానికీ విషానికీ భేదం మాత్రలోనే ఉందని వైద్యులకు వేరే చెప్పనక్కరలేదు.

చిగుళ్ళ కింద శాశ్వత దంతాలు రూపుదిద్దుకునే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, అధిక ఫ్లోరైడు లోపలికి పోతే పంటి పింగాణీ పొర సరిగా గట్టిపడదు. మొదట సుద్దమచ్చలు, తరువాత పసుపు, గోధుమ చారలు వస్తాయి. అవి పంటి మీద పేరుకున్న మురికి కాదు, పంటిలోనే ఉన్న మచ్చలు. ఎంత తోమినా పోవు. పన్ను పూర్తిగా తయారైన తరువాత తాగే నీరు కొత్తగా ఈ మచ్చలను పుట్టించదు. అందుచేత పిల్లవాని పలువరుస ఆ ఇంటి నీటి చరిత్రను చెప్పే సాక్షి వంటిది.

పెద్దవారిలో ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకలలో చేరుతుంది. ఎముక దళసరి అవుతుంది, కీళ్ళ చుట్టూ ఉన్న బంధనాలు గట్టిపడి ఎముకగా మారుతాయి. నడుము, మెడ బిగిసిపోతాయి. ముదిరిన దశలో వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు చచ్చుబడవచ్చు. ఎండలో పనిచేసే కూలీలు, రైతులు రోజుకు ఎక్కువ నీరు తాగుతారు కాబట్టి వారికి అంతకంత ఎక్కువ ఫ్లోరైడు చేరుతుంది. మా బావగారు వ్యవసాయదారు. ఆయన చిన్ననాటి నుండి తాగిన ఊరిబావుల నీరూ ఆ నేలలోనిదే. ఎక్స్‌రే తీయించినప్పుడు ఆయన వెన్నెముక తెల్లగా, దట్టంగా కనిపించింది. నా తైలాలు నొప్పిని కొంత మరపించాయే గాని, బిందెలో నుండి రోజూ వచ్చి చేరుతున్న కారణాన్ని ఆపలేదు. నిదానపరివర్జనమే, అంటే వ్యాధికారణాన్ని విడనాడడమే మొదటి చికిత్స అని చెప్పే శాస్త్రం చదివి కూడా నేను కారణాన్ని వెదకలేదు.

ఇతర గుప్త దోషాలు

మీ ఊరు ఫ్లోరైడు ప్రాంతంలో లేదని నిశ్చింతగా ఉండవద్దు. నీటిలో దాగే దోషాలు మరికొన్ని ఉన్నాయి.

మరుగుదొడ్డి గుంటలు, పేడకుప్పలు, పొలాలలో చల్లే యూరియా నుండి నైట్రేటు భూగర్భజలంలోకి ఇంకుతుంది. దీనికి రంగూ రుచీ ఉండవు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దీని పరిమితి. ఆరు నెలల లోపు శిశువులకు ఇటువంటి నీటితో పోతపాలు కలిపి పడితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి శిశువు నీలంగా మారే ప్రమాదం ఉంది. ఇక్కడ కూడా మరిగించడం వల్ల దోషం పెరుగుతుందే గాని తరగదు.

పాత గొట్టాల నుండి, అతుకుల నుండి, కొన్ని ఇత్తడి కుళాయిల నుండి సీసం నీటిలోకి దిగవచ్చు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలో ఇది ఎక్కువగా ఉంటుంది. తెల్లవారి కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీటిని తాగడానికి పట్టకుండా గిన్నెలు కడగడానికి వాడుకోవడం మంచి అలవాటు.

గంగానది పరీవాహక ప్రాంతంలోని ఉదంతం అన్నిటికంటె పెద్ద పాఠం. చెరువునీటి వల్ల కలరా, విరేచనాలు వస్తున్నాయని వంగదేశపు గ్రామాలలో గొట్టపుబావులు వేశారు. సూక్ష్మజీవులు లేని తేటనీరు వచ్చింది. 1983లో పశ్చిమ బెంగాలులో వైద్యులు రోగుల చర్మం మీది మచ్చలకు ఆ నీటిలోని ఆర్సెనిక్, అంటే పాషాణం, కారణమని గుర్తించారు. తరువాత బంగ్లాదేశంలో కోట్లమంది అటువంటి నీరు తాగుతున్నట్లు తేలింది. ఒక దోషాన్ని తప్పించబోయి మరొక దోషంలో పడడం నా ఒక్కడికే జరిగిన పొరపాటు కాదన్నమాట.

పరీక్ష ఎలా చేయించాలి?

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్షా ప్రయోగశాలలు ఉన్నాయి. గ్రామస్థాయిలో వాడే చిన్న పరీక్షా పెట్టెలు కూడా ఉన్నాయి, మీ పంచాయతీలో విచారించండి. ఫ్లోరైడు పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి నింపాలి. సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాలవారు ఇచ్చే శుద్ధిచేసిన సీసానే వాడి, ఆలస్యం లేకుండా అందజేయాలి. బోరునీటిని ఒక్కసారి పరీక్షించి ఊరుకోకండి. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయించడం మంచిది. బోరును మరింత లోతుకు దింపితే తప్పక మళ్ళీ పరీక్షించాలి.

మరొక హెచ్చరిక. నీటిశుద్ధి యంత్రాలు అమ్మవచ్చేవారు కొందరు చిన్న పరికరాన్ని నీటిలో ముంచి అంకె చూపిస్తారు. అది నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అంచనా కట్టి చెబుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలలో 3 మిల్లీగ్రాములు ఫ్లోరైడు అయితే దానిని ఆ పరికరం విడదీసి చూపలేదు. ఇంకొందరు రెండు ఇనుపకడ్డీలను నీటిలో ముంచి విద్యుత్తు పారించి, నీరు ఎర్రబారగానే "చూశారా మీరు తాగే మురికి!" అని భయపెడతారు. ఆ రంగు కడ్డీల నుండి దిగిన తుప్పుది. అనవసరంగా భయపడనూవద్దు, అంకె చూచి నిశ్చింతపడనూవద్దు.

దోషానికి తగిన ఉపాయం

సూక్ష్మజీవుల దోషానికి నీటిని తెర్లేదాకా కాచి ఒక నిమిషం మరగనిస్తే చాలు. సగానికి ఇగిర్చే పని లేదు. కాచిన నీటిని మూతపెట్టి, పొడవాటి కాడ గల గరిటెతో ముంచుకోవాలి. కలక నీటికి పటికగాని చిల్లగింజగాని వాడి, తేరిన తరువాత వడగట్టి కాచుకోవాలి.

ఫ్లోరైడు దోషానికి నీటివనరును మార్చడమే ఉత్తమం. నది, రిజర్వాయరుల నీటిలో ఇది సాధారణంగా తక్కువ. ఆకాశం నుండి పడే వాననీటిలో దాదాపు ఉండదు. సుశ్రుతుడు జలాలలో ఆంతరిక్ష జలానికే అగ్రస్థానమిచ్చాడు. మొదటి వానలను వదిలి, శుభ్రమైన డాబా మీది నీటిని ఇసుక, బొగ్గు, కంకర పొరల గుండా దింపి మూత ఉన్న తొట్టిలో నిలువచేసి, కాచి తాగవచ్చు. ఆర్.ఓ. యంత్రాలు, యాక్టివేటెడ్ అల్యూమినా గల వడపోతలు ఫ్లోరైడును తొలగిస్తాయి. అయితే అల్యూమినాను సకాలంలో పునరుద్ధరించాలి, ఆర్.ఓ. పొరను మార్పించాలి. ఆర్.ఓ. వదిలే వృథానీటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి, దానిని పశువులకు పెట్టరాదు. నల్లగొండ పద్ధతిలో పటిక మోతాదు నీటి గుణాన్ని బట్టి లెక్కకట్టవలసినది. అంచనాతో వేస్తే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. కావున నిపుణుల సలహా లేకుండా ఇంట్లో ప్రయత్నించకండి.

తాగడానికి మంచినీరు తెచ్చుకొని వంటకు మాత్రం బోరునీరే వాడే ఇళ్ళు అనేకం. అన్నం, పప్పు, చారు ద్వారా కూడా ఆ నీరే కడుపులోకి చేరుతుందని మరవకండి.

ఆహార నియమాలు

ఆహారం చికిత్సకు సహాయకారి, ప్రత్యామ్నాయం కాదు. పాలు, మజ్జిగ, రాగులు, నువ్వులు, మునగాకు వంటి కాల్షియం గల పదార్థాలు పేగులలో ఫ్లోరైడును కొంత పట్టి ఉంచుతాయి. ఉసిరి, జామ, నిమ్మ వంటివి పుష్కలంగా తీసుకోవాలి. మన చింతపండుకు కూడా ఇందులో పాత్ర ఉంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన పరిశీలనలో, బాలురకు దినానికి 10 గ్రాముల చింతపండు ఇచ్చినప్పుడు మూత్రం ద్వారా ఫ్లోరైడు విసర్జన పెరిగింది. అయినా చింతపండు తింటున్నాం గదా అని దోషపు నీరు తాగడం, గొడుగు ఉన్నదని తుఫానులో నిలబడడం వంటిది. తేయాకులో సహజంగానే ఫ్లోరైడు ఉంటుంది, కాబట్టి చిక్కని టీ తగ్గించాలి. చిన్నపిల్లల చేత ఫ్లోరైడు కలిపిన టూత్‌పేస్టు మింగనీయకండి.

ముగింపు మనవి

ఆ పరీక్ష తరువాత మా చెల్లెలి ఇంట్లో బోరునీరు స్నానానికి, పశువుల కొట్టం కడగడానికి మాత్రమే పరిమితమైంది. డాబా మీది వాననీటికి తొట్టి కట్టించాం. వేసవిలో దూరం నుండి నీరు తెప్పించుకునేవారు. 2016 ఆగస్టులో మిషన్ భగీరథ ప్రారంభమైన తరువాత, కొంతకాలానికి వారి వాకిట్లోకి కృష్ణాజలం కుళాయి వచ్చింది. బావగారి మెడ మునుపటిలా తిరగలేదు, నొప్పి మాత్రం ఎక్కువ కాలేదు. ఎముకలలో చేరినది అంత తేలికగా పోదు. మేనకోడలి పళ్ళ చారలు కూడా అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆమె ఒక పిల్లకు తల్లి. కిందటి పండుగకు ఆ పసిదాన్ని నా ఒడిలో కూర్చోబెట్టి, "మామా, దీనికి కొత్త పళ్ళు వచ్చినయి, సూడు" అన్నది. పసిదాని ముందు పళ్ళు రెండూ మచ్చ లేకుండా తెల్లగా ఉన్నాయి. తల్లి నవ్వుతున్నది, చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం నోటికి అడ్డంగానే ఉంది.

నాటి నుండి నా వద్దకు కీళ్ళనొప్పులతో ఎవరు వచ్చినా నాడి పట్టకముందే ఒక ప్రశ్న అడుగుతున్నాను: "మీరు తాగే నీరు ఎక్కడిది? దానిని పరీక్ష చేయించారా?" పాఠక మహాశయులారా, ఈ ప్రశ్నను మీరు కూడా మీ ఇంట్లో ఒకసారి వేసుకోండి. గృహవైద్యం చేసేవారు, నావలె ఇరుగుపొరుగుకు సలహాలు చెప్పేవారు, నీరు కాచుకోమని చెప్పేముందు ఆ నీటిలో ఏమున్నదో తెలుసుకోండి. ఒక్క సీసా నీరు, ఒక్క పూట ప్రయాణం దీనికి చాలు. పదేళ్ళ క్రితమే ఆ పని చేసి ఉంటే బాగుండేదని నావలె మీరు అనుకోవలసిన రోజు రాకూడదని నా ప్రార్థన.